మలుపుకో కొమ్మ

అడవిలో ఏనాడూ దారి తప్పని వంశంలో పుట్టి, చైనా మహానగరంలో ఒక్క టీ కోసం బయలుదేరి, నా నౌకరీకీ మా యజమాని బేరానికీ ఒకేసారి ఎసరు పెట్టిన ఘనుణ్ణి నేను. ఆ పొద్దు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు కంటే ముందు కాళ్ళ నొప్పులు వస్తాయి.

మాది ఏన్కూరు దగ్గర అడవిని ఆనుకున్న పల్లె. ఖమ్మంలో మిర్చి వ్యాపారం చేసే సత్యం సార్ దగ్గర మెకానిక్‌గా ఉండేవాణ్ణి. మిర్చికి తొడిమలు తీసే మిషను కొనడానికి ఆయన చోంగ్‌చింగ్ వెళుతూ నన్నూ వెంట తీసుకెళ్ళారు. రెండు రాత్రులు నిద్ర లేదు. తెల్లారుతుండగా హోటల్లో దిగాం. మిషన్ల ఫ్యాక్టరీ ఉన్న ఊరికి పదింటికి రైలు. పాస్‌పోర్టు లేనిదే ఎక్కనివ్వరు. ఇద్దరివీ నా భుజాన ఉన్న సంచిలోనే ఉన్నాయి.

"జర నడుం వాలుస్త శ్రీనూ. సంచి పైలం. రైలు తప్పితే బేరం పోతది, నీ నౌకరీ గూడ పోతది," అన్నారు సార్.

"నేనున్న గద సార్!"

ఈ మాట అన్న ప్రతిసారీ ఎవరో ఒకరి కొంప మునిగింది. ఆ సంగతి ఆయనకు తెలియదు, పాపం.

తల పగిలిపోతోంది. టీ పడితేగానీ బతకను. సంచితో సహా బయటపడ్డాను. ఫోనేమో విమానం దిగినప్పటినుంచీ మౌనవ్రతంలో ఉంది. ఇక ఆ ఊరు చూడాలి! ఊరి మీద ఊరు పేర్చినట్టుంది. లిఫ్టులో పదకొండు అంతస్తులు దిగితే రోడ్డు. హమ్మయ్య, నేల మీదికొచ్చాననుకుంటే, ఆ పక్కనే మెట్లు, మెట్ల కింద ఇంకో రోడ్డు. తలెత్తితే ఒక మేడ కడుపులోంచి రైలు దూసుకుపోతోంది. జనమేమో వైరా రిజర్వాయరు గేట్లెత్తినట్టు వచ్చిపడుతున్నారు.

అప్పుడు మా తాత గుర్తొచ్చాడు. "కొత్త అడవిల మలుపు మలుపుకు ఒక కొమ్మ ఇరువు బిడ్డా. ఆ కొమ్మనే తోలుకొస్తది," అనేవాడు.

ఇంకేం! హోటల్ లిఫ్టు పక్క కుండీలో మొదటి కొమ్మ విరిచాను. మలుపుకొకటి, మెట్ల దగ్గర ఒకటి, వంతెన దగ్గర ఇంకొకటి. హోటల్ పేరు చూశావా అని మీరడగొచ్చు. తాత ఉండగా పేరెందుకండీ?

చివరికి ఒక కొట్లో టీ ఇచ్చారు. వేడినీళ్ళలో ఆకులు. పాలు లేవు, చక్కెర లేదు. కషాయంలా మింగేసి వెనక్కి తిరిగాను.

విరిగిన కొమ్మ ఒక్కటీ లేదు! మొక్కలన్నీ మంగలి షాపులోంచి అప్పుడే లేచొచ్చినట్టు నున్నగా, సమంగా ఉన్నాయి. ఎక్కాను, దిగాను, మళ్ళీ ఎక్కాను. గడియారంలో తొమ్మిది. కాళ్ళు ఇక నావల్ల కాదన్నాయి. సంచిని కావలించుకుని ఒక మెట్టు మీద కూలబడి, సిగ్గు విడిచి ఏడ్చాను.

"ఏందిరా శ్రీనూ గిది?"

ఎదురుగా సత్యం సార్, కాళ్ళకు హోటల్ చెప్పులతో! పక్కన, రోడ్ల మీది మొక్కలు చూసుకునేవాళ్ళ నారింజరంగు కోటు వేసుకున్న ఒక పెద్దామె. ఒక చేతిలో కత్తెర, ఇంకో చేతిలో కట్టెడు కొమ్మలు.

"సార్! నేనీడున్ననని ఎట్ల తెలిసింది?"

"నువ్వు ఇరుచుకుంట పోతాంటే, ఈమె నీ ఎనకనే సాపు చేసుకుంట వచ్చిందట. కొమ్మలన్నీ ఏరుకొచ్చి, మొదటిది హోటల్ కుండీదేనని హోటల్ల లొల్లి పెట్టింది. మలుపుకొక కొమ్మ అనంగనే సమజైంది, గిది మన అడవి తమ్ముని పనే అని. యాడయాడ ఇరిచిండో చూపియ్యమ్మా అని బతిమాలి ఎంబడి పట్టుకొచ్చిన."

పెద్దామె కోపంగా ఏదో అని ఫోన్ ముందుకు చాపింది. అది ఇంగ్లీషులో పలికింది.

"ఎందుకు ఇరిచినవని అడుగుతున్నది."

"టీ కోసమని చెప్పండి సార్."

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నవాడు నాకు దూరపు చుట్టమై ఉంటాడు.

కొత్తగా కత్తిరించిన మొక్కల వెంట ఆమే మమ్మల్ని హోటల్ చేర్చింది. తలుపులు మూసుకునే రెండు నిమిషాల ముందు రైల్లో పడ్డాం. ఊపిరి కుదుటపడ్డాక తాత మాట చెప్పాను. అంతా విని సార్ అడిగారు.

"కొమ్మ తోలుకొస్తదన్నడు గదరా మీ తాత?"

"అవ్ సార్. తోలుకొచ్చింది గద... మిమ్మల్ని!"

ఆయన తలుపు వైపు చూశారు, దూకుదామనో, నన్ను తోద్దామనో.

కాబట్టి చదువరులారా, ఆ కత్తెర సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక ఏ ఊళ్ళోనూ ఒక్క ఆకైనా తుంపను. ఈనాటికీ ఖమ్మంలో, ఖానాపురం హవేలి పేటలోని మా ఇంట్లో, చారులోకి కరివేపాకు రెబ్బ తెమ్మని మా ఆవిడ పురమాయిస్తే, ముందు వెనక్కి తిరిగి నారింజరంగు కోటు కనబడుతుందేమోనని చూసుకుంటాను.