బావకో గట్టి డబ్బా

మా బావ కడ్డీలు కట్టే పనివాడు. భవనాలు లేచే చోట ఇనుప కడ్డీలను అడ్డంగా, నిలువుగా పరిచి, అవి కలిసిన ప్రతిచోటా సన్నటి తీగతో ముడి వేస్తాడు. ఆ తర్వాత దాని మీద కాంక్రీటు పోస్తారు. పోశాక ఆ పని ఎవరికీ కనపడదు. ముప్పై ఏళ్లుగా ఆయన ఎవరికీ కనపడని పనే చేస్తున్నాడు. ఆయన ఎన్నడూ బాధపడలేదు గానీ, నాకే అప్పుడప్పుడు ఒళ్లు మండుతుంది. కొత్త భవనం ముందు నిలబడి రంగులు బాగున్నాయనేవాళ్లున్నారు, అద్దాలు బాగున్నాయనేవాళ్లున్నారు. కడ్డీలు బాగా కట్టారన్నవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

నేనూ బావ పనిచేసే చోటే పైపులు వేసేవాణ్ణి. నా పని కూడా గోడలోకి పోయేదే. కాకపోతే అది కారిందంటే ఇంటిల్లిపాదీ నన్ను తలుచుకుంటారు.

రెండేళ్ల కిందట బావకి షుగర్ వచ్చింది. డాక్టరు మాత్రలు రాసిచ్చి, పొద్దున అవి వేసుకున్నాక మధ్యాహ్నం ఒంటిగంటకల్లా కచ్చితంగా తినాలని, ఆలస్యమైతే చేతులు వణుకుతాయని, కళ్లు తిరుగుతాయని చెప్పాడు. చెప్పిన డాక్టరు మర్చిపోయి ఉంటాడు, మా అక్క మాత్రం మర్చిపోలేదు. అక్కది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట ఉద్యోగం. ఆరింటికల్లా అక్కడ ఉండాలి. అందుకని నాలుగింటికే లేచి, అన్నం కూర వండి, పొగలు కక్కుతుండగానే డబ్బాలో సర్ది మూత పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంటూ పరుగు తీసేది. సాయంత్రం వచ్చేసరికి వేళ్లు సబ్బునీళ్లలో నాని ముడతలు పడి ఉండేవి.

"ఒంటిగంటకి నేనెళ్లి వడ్డించలేను కదరా. నా బదులు ఆ డబ్బాయే వెళ్లాలి" అనేది నాతో.

ఆ డబ్బాలే మాకు అచ్చిరాలేదు. మొదటిది ప్లాస్టిక్‌ది. మూడో అంతస్తు నుంచి ఎవరిదో సుత్తి జారి సరిగ్గా దాని నెత్తిన పడింది. రెండోది మూడు గిన్నెల క్యారియర్. క్రేను కడ్డీల మోపును దింపేటప్పుడు దాని పక్కన దింపాల్సింది దాని మీదే దింపింది. మూడు గిన్నెలూ కలిసి ఒక పళ్లెం అయ్యాయి.

మూడోదాని సంగతి చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కింద పెడితే కుక్కలు బతకనివ్వవు కాబట్టి కడ్డీలవాళ్లు డబ్బాలను వేలాడదీస్తారు. వాళ్ల చేతిలో ఎప్పుడూ తీగ ఉంటుంది, ఎదురుగా ఎప్పుడూ కడ్డీ ఉంటుంది, ఇంకేం కావాలి? ఆ రోజు బావ ప్రహరీ గోడ స్తంభం కోసం నిలబెట్టిన కడ్డీల గూడు లోపల, నీడపట్టున ఉంటుందని, డబ్బాను తీగతో కట్టాడు. ఇంతలో అవతలి చివర పని ఉందని పిలిస్తే వెళ్లాడు. ఈలోగా చెక్కల వాళ్లు వచ్చి గూడు చుట్టూ చెక్కలు బిగించారు, కాంక్రీటు వాళ్లు వచ్చి పోసి వెళ్లారు. ఒంటిగంటకి బావ వచ్చి చూస్తే గూడు లేదు. స్తంభం ఉంది.

అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. "ఈ గోడ ఉన్నంతకాలం అక్క వండిన కూర పాడవదు బావా" అన్నాను నేను. బావ కూడా నవ్వాడు. నవ్వి, మా డబ్బాల్లోంచి తినమన్నా వినకుండా పనిలోకి వెళ్లాడు. మూడింటికి మెట్ల మీద కూలబడ్డాడు. నేను టీ తెచ్చేలోపే సూపర్‌వైజర్ చూడనే చూశాడు.

"ఏంటి మేస్త్రీ, ఆ చేతులేంటి అలా వణుకుతున్నాయి?"

"ఎండ సార్" అన్నాడు బావ.

"ఎండకి ఒళ్లు వణకదు, నాకు తెలీదనుకున్నావా? ఈసారికి ఊరుకుంటున్నా. ఇంకోసారి ఇలా కనపడ్డావంటే పైకి పంపను. కింద షెడ్డులో కూర్చుని కడ్డీలు కోసుకుంటావ్."

ఆ షెడ్డు సంగతి చెప్పాలి. కొలత ప్రకారం కడ్డీలు కోసి ఇచ్చే రేకుల షెడ్డు అది. మోకాళ్లు పోయినవాళ్లు, చూపు తగ్గినవాళ్లు అక్కడ చేరతారు. అక్కడికి దిగినవాణ్ణి మళ్లీ ఎవరూ మెట్లెక్కనివ్వరు. ఈ భవనం అయిపోతే తర్వాతి కట్టుబడికి పైన ముడి వేసేవాళ్లనే పిలుస్తారు గానీ, కింద కోసేవాళ్లను పిలవరు. యాభై మూడేళ్ల వయసులో, మరో పని చేతకాని మనిషికి ఆ షెడ్డంటే ఇంటిదారి పట్టడమే. ఆ సాయంత్రం డబ్బా పోయిన సంగతి అక్కకి నేనే చెప్పాను.

"పగలనిది, నలగనిది, ఒలకనిది ఒకటి చూసి తీసుకురండి. మీ ఇద్దరికీ ఆ మాత్రం చేతకాదా?" అంది అక్క. ఆమె కోపంగా అంటే నేను తట్టుకోగలను. అలిసిపోయి అంది.

సెలవురోజున నేనూ బావా గిన్నెల కొట్లన్నీ తిరిగాం. ఒక కొట్లో డబ్బా మీద పువ్వులున్నాయి, ఇంకోచోట నొక్కితే వేలు లోపలికి దిగింది. నాలుగో కొట్టు ఆయన మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఎక్కడ పని మీది?"

"కట్టుబడిలో. కడ్డీల పని" అన్నాడు బావ.

ముందున్న నాజూకు డబ్బాలన్నీ ఆయన చటుక్కున పక్కకి జరిపాడు. మేము తాకితేనే సొట్టలు పడతాయనుకున్నాడేమో. లోపలి నుంచి మందపాటి ఉక్కు డబ్బా ఒకటి తెచ్చాడు. మూత లోపల రబ్బరు చుట్టు, అటూ ఇటూ బిగించే కొక్కేలు. దాన్ని పైకెత్తి దభీమని నేలకేసి కొట్టాడు. గచ్చు పెచ్చు లేచింది గానీ డబ్బాకి గీత పడలేదు. నీళ్లు పోసి తలకిందులు చేశాడు, చుక్క కారలేదు. నాకు ఉత్సాహం వచ్చి దాని మీదకెక్కి నిలబడ్డాను.

"వీడి బరువుకి ఆగిందంటే ఇక దేనికైనా ఆగుతుంది. కట్టివ్వండి" అన్నాడు బావ. ఆ షెడ్డు మాట విన్నాక ఆయన మొహంలో మళ్లీ నవ్వు చూశాను.

అన్ని పరీక్షలూ పెట్టామనుకున్నాం. వేడన్నం పెట్టి, చల్లారాక తీసి చూడాలని మాలో ఎవడికీ తట్టలేదు. అదేదో ఆడవాళ్లను తీసుకెళ్తే తట్టేది.

డబ్బా వచ్చాక మా అక్క తీరే మారింది. రోజూ సాయంత్రం అది ఖాళీగా తిరిగివచ్చేది. లోపల మెతుకు ఉండేది కాదు. "ఇన్నాళ్లకి నా బెంగ తీరిందిరా" అని నాతో అంది. ఆదివారం మధ్యాహ్నం గోడకి చేరబడి కూర్చున్నచోటే నిద్రపోయింది. బావే ఆమె తల కింద దిండు పెట్టాడు.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు ఆరో అంతస్తు కప్పు మీద బావ వాళ్లు కడ్డీలు కడుతున్నారు. నా పైపు కోసం ఎక్కడ సందు వదలాలో చెబుదామని ఒకటిన్నరకి పైకి వెళ్లాను. అందరూ నీడన కూర్చుని తింటున్నారు. బావ లేడు. నీళ్ల డ్రమ్ముల వెనక ఏదో టకటకమని చప్పుడైతే వెళ్లి చూశాను.

డబ్బాను రెండు మోకాళ్ల మధ్య బిగించి, ముళ్లు వేసే ఇనుప కొక్కెంతో మూత అంచును పొడుస్తున్నాడు. చేతులు గడగడ వణుకుతున్నాయి. కొక్కెం జారి జారి బొటనవేలు చీరుకుపోయింది. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. నన్ను చూసి డబ్బాను వెనక్కి దాచబోయాడు.

"ఏంటి బావా ఇది?"

"మూత రావట్లేదురా. వేడి మీద పెడుతుంది కదా, చల్లారేసరికి లోపలికి పీల్చుకుంటుంది. కాస్త పట్టు దొరికితే వస్తుంది."

"అక్కడ పదిమంది కూర్చున్నారు. ఎవర్నైనా పిలవొచ్చు కదా!"

"పిలిచి ఏమనాలి? నా చేతులు చూడండ్రా అనాలా? నిమిషంలో కిందికి చేరుతుంది కబురు."

నా పానా పిడిని మూత కింద పెట్టి ఒక్క నొక్కు నొక్కాను. బుస్సుమని వచ్చింది. అంతే పని. ముద్ద కలుపుకోబోతే ఆయన చేతిలోంచి అన్నం జారిపోయింది. నేనే కలిపి నోటికి అందించాను. మా బావ ఒకళ్ల చేత నీళ్లు కూడా తెప్పించుకునే రకం కాదు. అలాంటివాడు కిమ్మనకుండా నోరు తెరిచాడు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

తిన్న కాసేపటికి వణుకు తగ్గింది. బావ లేచి, తన పొద్దుటి పని దగ్గరికి వెళ్లి గొంతుక్కూర్చున్నాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఒక ముడిని పట్టుకుని ఊపాడు. గట్టిగానే ఉంది. వరసగా అలా చూసుకుంటూ పోయాడు. పన్నెండు దాటాక వేసిన చోటికి వచ్చేసరికి కడ్డీ చేతికి కదిలింది. దాని పక్కది కూడా. ఆ పక్కది అసలు ముడే కాదు, తీగ ఊరికే చుట్టుకుని ఉంది.

"ఇవి నేను వేసినవేనా?" అన్నాడు. నన్ను కాదు అడిగింది.

ఎవరికీ చెప్పకుండా ఆ వరసలన్నీ విప్పి, ఒక్కొక్కటీ మళ్లీ బిగించాడు. అది పూర్తయ్యేసరికి నాలుగైంది. కొక్కెం జేబులో పెట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాడు. ఎక్కడికి వెళ్తున్నాడో నాకు తెలిసిపోయింది. వెనకాలే పరిగెత్తాను.

"బావా, ఆగు. తొందరపడకు. ఆ మూత సంగతి నేను చూసుకుంటా. రోజూ ఒంటిగంటకి పైకొచ్చి తీసిస్తా. ఈగకి కూడా తెలియనివ్వను."

"మూత నువ్వు తీస్తావులే. ముళ్లు ఎవరు వేస్తార్రా?"

సూపర్‌వైజర్ రేకుల గదిలో కాగితాలు చూసుకుంటున్నాడు. బావ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"సార్, రేపట్నుంచి నన్ను షెడ్డులో వేయండి."

ఆయన తలెత్తి బావని, వెనకున్న నన్ను మార్చి మార్చి చూశాడు. కసురుకుంటాడనుకున్నాను. "నీ చేతులు వణకడం ఆ తర్వాత నేనెప్పుడూ చూడలేదే మేస్త్రీ" అన్నాడు మెల్లగా. వదిలేయడానికి ఆయన కూడా సిద్ధంగానే ఉన్నాడు.

"నేను చూశాను సార్" అన్నాడు బావ.

ఇంటికి వెళ్లేటప్పుడు ఆయన కాళ్లీడ్చుకుంటూ నడిచాడు. వీధి మలుపులో ఆగి, "మీ అక్కకి నువ్వు చెప్పరా" అన్నాడు. "నావల్ల కాదు" అన్నాను. నిజంగానే కాదు.

అక్క అప్పుడే వచ్చినట్టుంది, ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. బావ నిలబడే చెప్పాడు. షెడ్డు గురించి చెప్పాడు, ముళ్ల గురించి చెప్పాడు. మూత గురించి చెప్పేటప్పుడు మాత్రం నీళ్లు నమిలాడు. అక్క గోల చేస్తుందని, సూపర్‌వైజర్ని తిడుతుందని నేను గుండె చిక్కబట్టుకుని చూస్తున్నాను. ఆమె ఒకే ఒక్కటి అడిగింది.

"ఎన్ని రోజుల్నుంచి?"

"మొదటి వారం బాగానే వచ్చింది. తర్వాత కొన్నాళ్లు కష్టపడితే వచ్చేది. అసలు రానిది..." అని ఆగాడు బావ. "తొమ్మిది రోజులు."

నేను ఉలిక్కిపడ్డాను. ఆ ఒక్కరోజే అనుకున్నాను మరి. తొమ్మిది రోజులు నేను ఆయనకి రెండంతస్తుల కిందే ఉన్నాను. పైపులు కోసుకుంటూ, ఈలలేసుకుంటూ.

"రోజూ డబ్బా ఖాళీగా వచ్చేది కదయ్యా."

"నాలుగింటి టీలో నాలుగు చెంచాల చక్కెర వేయించుకునేవాణ్ణి. చేతులు నిలకడగా అయ్యాక మూత తీసేవాణ్ణి. అప్పటికి అన్నం పాడైపోయి ఉండేది. కుక్కలకి పెట్టి, కడిగి తెచ్చేవాణ్ణి."

అక్క ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. నాలుగింటికి లేచిన మొహం అది, ఆ తొమ్మిది పొద్దులూ దాని మీద ఉన్నాయి. నాకు తల ఎత్తాలనిపించలేదు.

"ఆకలేస్తోందని పెళ్లానికి చెప్పడానికి సిగ్గేంటయ్యా?"

"ఆకలి గురించైతే చెప్పేవాణ్ణే" అన్నాడు బావ. "చేతులు పోయాయని చెప్పాల్సొస్తుంది కదా."

అక్క చెప్పులు విప్పింది. ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి, తెగిన బొటనవేలికి గుడ్డ కట్టడానికి ఆ చేతిని ఒళ్లోకి తీసుకుంది. కట్టు కట్టడం అయిపోయాక కూడా ఆ చేతిని వదల్లేదు. నేను బయటికి వచ్చి అరుగు మీద కూర్చుని ఏడ్చాను.