పసుపు చొక్కాలో లైకర్

బంతి మీదికి వంగే ముందు రోరీ లైకర్ కుడి అరచేతిని ఎడమ పిక్కకేసి తుడుచుకుంటాడు. ఎండ కాసినా మంచు పడినా అంతే. తుడుచుకుని, వంగి, కోలగా ఉండే ఆ బంతిని నేలమీద పట్టుకుని, ఎదుటి వరుసను చూసి ఒక అంకె అరుస్తాడు. ఎదుటివాళ్ళలో ఎవరి చొక్కా మీది అంకె అరిస్తే అక్కడి నుంచి లెక్క మొదలు. మా వరుసలో ఐదుగురం ఆ లెక్క ప్రకారం ఎవరిని ఆపాలో పంచుకుంటాం. అప్పుడు బంతి అతని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి పోతుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో సెంటర్ పని అది. అతని ఎడమ పక్క గార్డ్‌ని నేను.

రోరీది ఈ ఊరే. పడమటి కాన్సస్‌లో గోధుమ పొలాల నడుమ ఊరు. వాళ్ళ వంటగదిలోంచి మా కాలేజీ స్టేడియం దీపాలు కనిపిస్తాయి. వాళ్ళమ్మ కాలేజీ భోజనశాలలో వడ్డిస్తుంది. చిన్నప్పటి నుంచి అతను కోరింది ఒక్కటే, ఈ మైదానంలో ఆడటం. ఆడాడు. ఇంకొక్క సీజన్ మిగిలింది. ఆ చలికాలం భుజానికి శస్త్రచికిత్స జరిగింది.

మార్చిలో సాధన మొదలైంది. గాయపడ్డవాళ్ళకు పసుపు చొక్కా ఇస్తారు. అది వేసుకున్నవాణ్ణి ఎవరూ తాకకూడదు. అలాగని గదిలో కూర్చోనివ్వరు. వచ్చి వరుస వెనకే నిలబడాలి. రోరీ నిలబడ్డాడు. అతని చోట ఒమారి టిల్మన్ వంగాడు. ఒమారి టల్సా నగరం వాడు, వేరే కాలేజీలో ఆడి కొత్తగా వచ్చాడు. అతను తోస్తే గోడే మన మీదికి జరిగినట్టుంటుంది. ఎదుటి వరుసను చదవడం మాత్రం రాదు. తప్పు అంకె అరిచేవాడు. ఇద్దరు మనుషులు ఒకేసారి వచ్చి నా మీద పడేవారు.

అలా ఒకసారి పడి లేచాక ఒమారి తల కొంచెం వెనక్కి తిప్పాడు.

"అన్నా, ఎవడు?"

గాలి బలంగా వీస్తోంది. రోరీ నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత పెదవులు కదపకుండా అన్నాడు. "యాభై రెండు."

ఒమారి అదే అరిచాడు. దారి తెరుచుకుంది. ఆ రోజు నుంచి ప్రతిసారీ అంతే.

"చూశార్రా? వీడికి కళ్ళున్నాయి!" అన్నాడు కోచ్ బ్రంగార్ట్.

బట్టలు మార్చుకునే గదిలో నేను ఉండబట్టలేకపోయాను. "నీ కుర్చీ నువ్వే తుడిచి వాడికి వేస్తున్నావేంట్రా?"

"చెప్పకపోతే తన్నులు తినేది నువ్వురా, దున్నపోతా. కోచ్‌కి తెలియకుండా దాస్తున్న ఆ మోకాలికి ఇంకో దెబ్బ తగిలిందంటే నీకూ పసుపు చొక్కానే."

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

ఏప్రిల్‌లో కోచ్ అతన్ని పిలిచాడు. ఏం జరిగిందో బయటికి రాగానే రోరీయే నాకు చెప్పాడు.

"అంకెలు చెప్పేది నువ్వేనని తెలుసులే, లైకర్," అన్నాడట కోచ్. "ఆగస్టు నుంచి నా పక్కన నిలబడి వరుసకు నేర్పు. ఫీజు మేమే కడతాం. ఆటగాళ్ళలోంచి మాత్రం నీ పేరు తీసేస్తాం."

"భుజం ఆగస్టుకి నయమైపోతుంది, కోచ్."

"అవ్వచ్చు. అప్పటికి సెంటర్ ఒమారి. శనివారం ఆట అయ్యాక ఏ సంగతో చెప్పు."

"వేరే కాలేజీకి పోరాదూ?" అన్నాను.

"కోసిన భుజాన్ని ఎవడు తీసుకుంటాడ్రా? ఒమారికి చెప్తే నేను పోతా. చెప్పకపోతే నువ్వు పోతావు."

శనివారం జట్టు రెండుగా చీలి జనం ముందు ఆడుతుంది. గెలిచినవాళ్ళకు స్టేక్, అంటే కాల్చిన మాంసం; ఓడినవాళ్ళకు ఉడికించిన బీన్స్ గింజలు. పసుపు చొక్కాలను ఆ రోజు మైదానంలోకి రానివ్వరు. ఒమారి వంగి, అలవాటుగా తల వెనక్కి తిప్పాడు. ఎవరూ లేరు. గీత అవతల నిలబడ్డ రోరీ వైపు చూశాడు. రోరీ వేళ్ళతో చూపించవచ్చు. చేతులు జేబుల్లో ఉన్నాయి. తియ్యలేదు.

ఒమారి తప్పు అంకె అరిచాడు. నేను వెల్లకిలా పడ్డాను. కోచ్ టోపీ నేలకేసి కొట్టాడు. ఇలాంటివి ఇంకో రెండు జరిగితే కోచ్‌కి రోరీ కావాలి. అది రోరీ ముఖంలోనే కనిపించింది.

ఒమారి మళ్ళీ వంగాడు. ఈసారి ఎటూ చూడలేదు. "యాభై ఎనిమిది!" సరైనదే. తర్వాతిదీ సరైనదే. ఎదుటివాళ్ళు చివరి క్షణంలో చోటు మారితే అంకె కూడా మార్చి అరిచాడు. రోరీ అన్నాళ్ళూ తను అంకెలే చెబుతున్నాననుకున్నాడు. ఆ అంకే ఎందుకన్నది ఒమారి నేర్చుకున్నాడు. ఆట ముగిసేదాకా రోరీ చేతులు జేబుల్లోనే ఉన్నాయి.

మేం గెలిచాం. భోజనశాలలో రోరీ పళ్ళెం పట్టుకుని తల్లి ముందుకు వచ్చాడు. ఆవిడ గరిటె ఆపింది.

"నువ్వు ఏ వైపురా?"

"ఏ వైపూ కాదమ్మా."

ఆవిడ కాసేపు చూసి బీన్స్ వేసింది. ఒమారి వచ్చి ఎదురుగా కూర్చుని, తన మాంసం సగం కోసి రోరీ పళ్ళెంలో పెట్టాడు.

"తిను అన్నా. నీదే ఇది."

"నాకు బీన్సే ఇష్టం."

"పోవయ్యా, బీన్స్ ఎవడికిష్టం?"

రోరీ ఆ ముక్క ముట్టలేదు.

మర్నాడు ఉదయం నా గది తలుపు కొట్టాడు. చర్చికి వేసుకునే చొక్కా వేసుకున్నాడు.

"కోచ్ ఇంటికి వెళ్తున్నా."

"ఒప్పుకుంటావా?"

"లేదు. ఆగస్టులో ఎడమ గార్డ్‌కి, నీ చోటుకి, పోటీ పడతానని చెప్తా. ముందు నీకు చెప్పాలి కదా."

నా చెయ్యి మోకాలి మీదికి పోయింది.

"నా మోకాలి సంగతి కూడా చెప్తావా?"

"చెప్పను," అన్నాడు. మెట్లు దిగి, ఎదురుగాలికి తల వంచుకుని కోచ్ ఇంటి వైపు నడిచాడు.