బాపు మడమ మీది బొగ్గుమచ్చ

బొగ్గుబాయిలో తగిలిన దెబ్బ మానుతుంది గానీ లోపలికి పోయిన బొగ్గు బయటికి రాదు. దాని మీదే చర్మం మూసుకుంటుంది. నీలిరంగు మచ్చ మిగులుతుంది. గని కార్మికులుండే మా సెంటినరీ కాలనీలో అలాంటి మచ్చల్లేని మగవాళ్ళు ఇద్దరే, ఒకరు బడి సారు, ఇంకొకరు పోస్టుమాన్ అని చిన్నప్పుడు నేను తేల్చుకున్నాను.

మా బాపు ఇరవై ఎనిమిదేళ్ళు బాయి లోపల పట్టాల మీద నడిచే టబ్బుల్లో బొగ్గు నింపాడు. ఆయన ఒంటి మీద పదకొండు మచ్చలు. ప్రతిదానికీ ఏ బాయి, ఏ షిఫ్టు, ఎవరి తప్పు అన్నది చెప్పేవాడు. తప్పు ఎవరిదన్న దగ్గర ఆయన పేరు ఎప్పుడూ రాలేదు. మోచేతి మీదిది పైకప్పు నుంచి పెళ్ళ రాలినప్పటిది. మడమ మీదిది టబ్బు చక్రం ఎక్కినప్పటిది. అది మిగతావాటికన్నా నల్లగా, చింతగింజంత ఉండేది. టబ్బు చక్రం కదా, ఆ మాత్రం ఉంటుందని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నాం.

హైదరాబాదులో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నప్పుడు నేను సెమినారుకు చర్మ క్యాన్సర్ మూలకణాలను అంశంగా తీసుకున్నాను. గడ్డలోని కణాలన్నీ ఒక్క తీరువి కావనీ, వాటిలో కొన్నే మళ్ళీ కొత్త గడ్డను పుట్టించగలవనీ, మందుకు మిగతావి చచ్చినా ఇవి అణిగిమణిగి ఉండి తర్వాత లేస్తాయనీ ఒక వాదం. నల్లమచ్చగా వచ్చే మెలనోమాలో అలాంటివి నిజంగా కొన్నే ఉంటాయా, ఏ కణమైనా ఆ పని చెయ్యగలదా అని పెద్దవాళ్ళు ఇంకా కొట్లాడుకుంటున్నారు. సెలవులకు ఇంటికొచ్చి ఇదంతా కంఠతా పడుతూనే, బాపు పగిలిన మడమలకు కొబ్బరినూనె రాశాను. మచ్చ అప్పటికి రూపాయి బిళ్ళంత అయింది. అంచులు వంకరటింకరగా ఉన్నాయి. మనవాళ్ళకు ఈ జబ్బు ఎక్కువగా అరికాళ్ళలో, మడమల్లోనే వస్తుందని నా కాగితాల్లో మూడో పేజీలో రాసుకున్నాను. చేతులు కడుక్కుని నాలుగో పేజీ తిప్పాను. సెమినారు బాగా జరిగింది. సారు మెచ్చుకున్నారు.

తెలంగాణ కోసం బాయిలన్నీ బంద్ పెట్టిన రోజుల్లో ఆ మచ్చ పగిలి నెత్తురు కారింది. ఊరేగింపుల్లో నడిచి నడిచి చెప్పు కరిచిందన్నాడు బాపు. చెప్పులు మార్చాడు, నెత్తురు ఆగలేదు. ఆయనా, అమ్మా, నేనూ దవాఖానకు పోయాం. మచ్చ ఎప్పటినుంచి ఉందని డాక్టరమ్మ అడిగింది. బాపు టబ్బు కథ మొదలుపెట్టాడు. అది మూడో మలుపులో ఉండగా అమ్మ అడ్డొచ్చింది.

"టబ్బు ఎక్కింది కుడికాలు మీద. నెల్రోజులు కట్టు కట్టింది నేనే. గిది ఎడమకాలు."

బాపు రెండు కాళ్ళనూ ఒకదాని తర్వాత ఒకటి చూసుకున్నాడు.

"మచ్చ కనవడ్డది. ఏదో ఒక దెబ్బదే అయ్యుంటది గదా అనుకున్న," అన్నాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. ముక్క తీసి పరీక్షకు పంపింది. మెలనోమా అని వచ్చింది. హైదరాబాదులో చుట్టూ ఉన్న మంచి చర్మంతో సహా వెడల్పుగా కోసి తీసేసి, తొడ మీది చర్మం తెచ్చి మడమకు అతికించారు. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకొమ్మన్నారు. బాపు రెండుసార్లు పోయి మానేశాడు.

"తీసేసిన్రు గదా. లేనిదాన్ని సూపియ్యవోవుడేంది?" అన్నాడు.

దాంతో నా సెమినారు మళ్ళీ ఇచ్చాను, ఈసారి మంచం మీద కూచున్న ఒక్క మనిషికి. ఒక్క కణం ఎక్కడన్నా మిగిలిపోయినా అది మళ్ళీ మొదలుపెట్టొచ్చన్నాను. బాపు అంతా విని, "గోడెనుక నిప్పు," అన్నాడు. బాయిలో బొగ్గు తవ్వేసిన చోట మిగిలిన పొడి తనంతట తానే వేడెక్కి రాజుకుంటుంది. అటువైపు గోడ కట్టి మూసేస్తారు. మూసి ఊరుకోరు, గోడకు పెట్టిన గొట్టంలోంచి గాలి తీసి పరీక్ష చేస్తూనే ఉంటారు.

"గిట్ల చెప్పాలె గని, కణం గిణం అంటే నాకేమెరుక?" అని నన్నే కోప్పడ్డాడు. ఆ తర్వాత ఒక్కసారి కూడా మానలేదు. నాకన్నా ముందే పోయి బస్టాండులో నిలబడేవాడు.

ఏడాదిన్నరకు గజ్జల్లో గడ్డ తగిలింది. తర్వాత ఊపిరితిత్తుల్లో. మందులకు అవి కొన్నాళ్ళు కుంచించుకుపోయి మళ్ళీ పెరిగాయి. నా సెమినారులో చెప్పినట్టే జరుగుతున్నందుకు నాకు ఆ సెమినారు మీదే అసహ్యం పుట్టింది. అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఒక మధ్యాహ్నం ఆయనకు చెప్పాను.

"బాపూ, సెలవులకొచ్చినప్పుడు ఆ మచ్చ పెరిగింది నేను చూసిన. నూనె రాసుకుంట చూసిన. అదే జబ్బు గురించి చదువుకుంట గూడ గుర్తువట్టలే."

ఆయన నా వైపు తిరిగాడు.

"అప్పుడే కోయిస్తే బతుకుదునా?"

"చెప్పలేం," అన్నాను. అది నిజం. ఎంత ముందు తీస్తే అంత మేలని పుస్తకాలు చెబుతాయి, ఒక్క మనిషి సంగతి ఏ పుస్తకమూ చెప్పదు. నాకు ఏడుపు ఆగలేదు.

"నీ సదువు చెప్పకపోతే నేను చెప్త. ఏం ఫరక్ పడకపోయేది. ఇగ గా ముచ్చట తియ్యకు బిడ్డా," అని పక్కకు తిరిగి పడుకున్నాడు.

రాష్ట్రం రాకముందే పోయాడు. ఆ తర్వాత నేను ఈ జబ్బు మీద చాలా చదివాను. ఆయన అన్నదానికి ఎక్కడా ఆధారం దొరకలేదు. అయినా ఇప్పటికీ ఆ మాటే నమ్ముకుని బతుకుతున్నాను.