బావ కూడా క్యాంప్‌లోనే

నేను గల్ఫ్‌లో, బిర్కత్ అల్ అవామిర్‌లోని లేబర్ క్యాంప్‌లో ఉంటానని మా ఇంజనీర్ బావ ఊళ్ళో అందరికీ నవ్వుతూ చాటాడు. ఇవాళ అల్ మన్సూరాలోని తన ఫ్లాట్‌కు పిలిచి, సెలవుల్లో నార్వే వెళ్తున్నానని గొప్పలు పోయాడు.

"గ్రీసుల అయితే అడవిల టెంటేస్తె ఫైనేస్తరు. నార్వే అడవిల, ఇండ్లకు దూరంగ టెంటేసుకుంటే ఎవ్వడేమనడు, చట్టమే ఉన్నది. అంత క్యాంపింగే!"

బయటికి రాగానే జగిత్యాలలో ఉన్న ఆయన తల్లికి, అంటే మా అత్తమ్మకు, ఫోన్ చేశాను. "బావ వచ్చే నెల క్యాంపుల ఉంటడట అత్తమ్మా" అన్నాను. అంతే.

సాయంత్రం బావ ఫోన్ చేశాడు. "అమ్మకేం జెప్పినవ్‌రా? గల్ఫుల నా నౌకరి పోయిందని ఏడుస్తున్నది!"

నా కడుపు చల్లబడింది. ఒక్క అబద్ధమైనా ఆడానా, మీరే చెప్పండి. క్యాంప్ అంటే పరువు తక్కువని ఆమెకు నేర్పింది ఆయనే కదా!