ఆముదపాకు మీద చెయ్యి

గిద్దలూరు నుంచి మార్కాపురం వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఒళ్లో ఆముదపాకులున్నాయి. మోకాలి నొప్పికి వెచ్చచేసి కట్టుకుంటుందట. నేను కాకినాడలో పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. నోరు ఊరుకోలేదు.

"పెద్దమ్మా, వేళ్లు చాపినట్టుండే ఇలాంటి ఆకును మా పుస్తకాల్లో హస్తాకారం అంటారు. కావాలంటే చెయ్యి పెట్టి చూడండి," అన్నాను. తరగతిలో ఇరవై ఏళ్లుగా చెప్పే మాటే అది.

ఆవిడ కొంగు కింద నుంచి కుడిచెయ్యి తీసి ఆకు మీద పరిచింది. బొటనవేలు, చిటికెనవేలు ఉన్నాయి. మధ్యలో మూడూ లేవు.

నా చూపు ఆ ఖాళీ దగ్గరే ఆగిపోయింది.

"మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మిషన్ కాడ పోయినాయి నాయనా, ఎప్పుడో. అట్ల చూస్తావేంది? చిన్నప్పుడు నువ్వు రాసింది రాతి పలక మీదేనా?"

తలూపాను.

"అయితే మా కాడిదే అయుంటాది," అంది. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆ రెండు వేళ్లతోనే నా చెయ్యి పట్టుకుని, నా ఐదు వేళ్లూ ఒక్కొక్కటే తడిమి చూసింది.

"బాగా రాసుంటావులే."