గోడ మీది కాక్‌పిట్

ఒక విమాన సంస్థ నుంచి ఇంటర్వ్యూకు రమ్మన్న మెయిల్ వచ్చినప్పుడు నేను గోదావరిఖనిలో ఒక జూనియర్ కాలేజీ స్టాఫ్ రూంలో ఫిజిక్స్ పేపర్లు దిద్దుతున్నాను. కమర్షియల్ పైలట్ లైసెన్సు చేతికొచ్చి అప్పటికి కొన్నేళ్లయింది. లైసెన్సు ఉంటే ఉద్యోగం ఉన్నట్టేనని మా కాలనీలో అందరూ అనుకున్నారు, నేను కూడా అనుకున్నాను. కానీ నా శిక్షణ ముగిసేసరికి విమాన సంస్థలు కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేశాయి. ఊరికే ఇంట్లో కూర్చోలేక ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. లైసెన్సు చెల్లకుండా పోకూడదని అప్పుడప్పుడు వెళ్లి చిన్న విమానం ఎగరేసి వచ్చేదాన్ని. మిగతా రోజులన్నీ టీచర్నే.

ఇంటర్వ్యూకు ముందు సిమ్యులేటర్ పరీక్ష ఉంటుందని మెయిల్‌లో రాశారు. పెద్ద విమానంలో పైలట్లు కూర్చునే ముందు భాగాన్ని, అంటే కాక్‌పిట్‌ను, ఉన్నదున్నట్టు నేల మీద కట్టిపెట్టిన యంత్రం అది. అందులో అభ్యర్థులను ఇద్దరిద్దరిని కూర్చోబెడతారు. ఒకరు నడుపుతుంటే రెండోవారు చూస్తూ, ఏం జరుగుతున్నదో చెబుతూ ఉండాలి. తర్వాత పనులు మార్చుకోవాలి. పక్కన ఎవరు కూర్చుంటారో ఆ పూట దాకా తెలియదు.

ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పొద్దని అమ్మకు గట్టిగా చెప్పాను. ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చదువుతూ పాస్టరయ్య, "మన సంఘంలోని ఒక బిడ్డ విమానం పరీక్షకు పోతున్నది" అన్నాడు. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు. ఆడవాళ్ల వరుసల్లో తలలన్నీ నావైపు తిరిగాయి. బయటికి వచ్చాక అమ్మను నిలదీశాను.

"నేనెవలికి చెప్పిన? దేవునికి చెప్పమని పాస్టరయ్యకు చెప్పిన, గంతే" అంది.

కొందరు ముందుగానే నిజమైన సిమ్యులేటర్ మీద సాధన చేసి వెళతారు. నాకు ఆ వీలు లేదు. అందుకని కాక్‌పిట్ ఫోటో ఒకటి సంపాదించి, చౌరస్తా దగ్గరి ఫ్లెక్సీ షాపుకు తీసుకెళ్లాను. షాపతను కంప్యూటర్‌లో దాన్ని తెరిచి చాలాసేపు చూశాడు.

"ఇందుల ఎవలి ఫోటో పెట్టాలె మేడం? బర్త్‌డేదా?"

"ఎవలిది వద్దన్నా. గిట్లనే కావాలె."

"పేరు కూడ వద్దా? కింద శుభాకాంక్షలు?"

ఏదీ వద్దంటే అతనికి తృప్తి కలగలేదు. అయినా రంగులు మాత్రం బాగా తెచ్చాడు.

ఆ ఫ్లెక్సీని వెనక గదిలో గోడకు మేకులు కొట్టి బిగించాం. దాని ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, మధ్యలో ఒక స్టూలు పెట్టి, ఇంజిన్ లివర్ల బదులు దాని మీద పప్పుగుత్తి నిలబెట్టాను. పక్క కుర్చీలో కూర్చోవడానికి మా వదిన ఒప్పుకుంది. ఆమె దవాఖానలో నర్సు. పొద్దుటి డ్యూటీ దిగి, అన్నం తిని, నేను రాసిచ్చిన కాగితం పట్టుకుని వచ్చి కూర్చునేది.

మొదట్లో ఇద్దరికీ నవ్వు ఆగేది కాదు.

"ఎయిటీ నాట్స్ అని ఎప్పుడనాలె?" అనేది వదిన.

"స్పీడు సూది ఎనభై మీదికి వచ్చినప్పుడు."

"అదేడ కదులుతది? ఫ్లెక్సీ మీదుండె."

"కదిలిందని నేను చెప్త. అప్పుడను."

నాలుగు పూటలు గడిచాక నవ్వు తగ్గి పని కుదిరింది. ఒక మధ్యాహ్నం మేము గాల్లోకి లేచినట్టు అనుకుంటున్నాం. ఊరి పక్క ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగే వేళ అది. కిటికీ రెక్కలు గడగడమన్నాయి, ఫ్లెక్సీ అంచు చిన్నగా అదిరింది. మాకు రోజూ ఉండేదే కాబట్టి ఎవరం తల తిప్పలేదు. వదిన మాత్రం ఆ చప్పుడును వాడుకుంది.

"ఎడమ ఇంజిన్ల మంట" అంది, నేను రాసివ్వని మాటను.

నేను చకచకా గోడ మీది మీటలను ఒకదాని తర్వాత ఒకటి తాకుతూ పోయాను. వరుస తప్పలేదు. అయిపోయాక సంతోషంగా ఆమె వైపు తిరిగాను.

"అయ్యిందా?" అంది.

"అయ్యింది. మంట ఆరింది."

"నాకెట్ల తెల్వాలె? ఒక్క ముక్క చెప్పకుంటనే అన్ని చేసుకుంటివి. మరి నేనెందుకు కూసున్న ఇక్కడ?"

"చిన్న విమానంల ఒక్కదాన్నే ఎగిరేది వదినా. చెప్పెతందుకు పక్కన ఎవరుంటరు?"

"ఇప్పుడున్న గద" అంది.

ఆమె కోపంగా అనలేదు. కానీ ఆ సాయంత్రమంతా ఆ మాట నన్ను వదల్లేదు. పరీక్షలో ఇద్దరిని కలిపి ఎందుకు కూర్చోబెడతారో పుస్తకాల్లో చదివాను, పిల్లలకు చెప్పినట్టు అప్పజెప్పగలను కూడా. చేతులకు మాత్రం ఒంటరితనమే అలవాటై ఉంది. ఆ మర్నాటి నుంచి ప్రతిదీ పైకి చెప్పడం సాధన చేశాం. వంటింట్లోనూ అదే. "పాలు పొంగుతున్నయి" అని వదిన అంటే, "చూసిన, మంట తగ్గిస్తున్న" అని నేను జవాబు చెప్పి, ఆ తర్వాతే తగ్గించేదాన్ని. "మీ ఇద్దరికేమైందే" అని అమ్మ మా ముఖాలు మార్చి మార్చి చూసేది.

బాపు, అంటే మా నాన్న, బొగ్గు గనిలో పనిచేసేవాడు. మొదటి షిఫ్టు నుంచి వచ్చి స్నానం చేసి, చాయ్ గ్లాసుతో ఆ గది గడప దగ్గర కూర్చుని మమ్మల్ని చూసేవాడు. ఎన్నడూ మధ్యలో కల్పించుకోలేదు. ఒక్కసారి మాత్రం అడిగాడు.

"ఆ మిషిన్ల కూసుంటే బయట కనిపిస్తదా బిడ్డా?"

"బొమ్మ కనిపిస్తది బాపూ. మబ్బులు, రన్‌వే, అన్ని."

"కదులుతదా?"

"కదులుతది. కని నేల మీదనే ఉంటది."

"మరింక ఫికర్ ఏంది" అని చాయ్ తాగాడు.

బయట ఆరేస్తే బొగ్గు దుమ్ము పడుతుందని నా తెల్ల చొక్కాను అమ్మ లోపల ఫ్యాను కింద ఆరేసింది. అన్న బైకు మీద రామగుండం స్టేషన్‌కు తీసుకెళ్లి ఢిల్లీ రైలెక్కించాడు. "విమానం పరీక్షకు రైల్ల పోవుడు" అని బండి కదిలేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

సిమ్యులేటర్ ఉన్న చోటు ఢిల్లీ పక్కన, పెద్ద గోదాములా ఉంది. నా జతగా వచ్చింది ఒక పొడుగాటి కుర్రాడు. ఇలాంటి యంత్రాల మీద ఇదివరకే చాలాసార్లు కూర్చున్నానని హిందీలో చెప్పి, "మీరెక్కడ ప్రాక్టీస్ చేశారు?" అని అడిగాడు.

"ఇంట్లో" అన్నాను.

ఇంట్లో యంత్రం పెట్టుకున్నాననుకున్నాడో ఏమో, ఇంకేమీ అడగలేదు. ఏ తేడా కనిపించినా ఒకరికొకరు చెప్పుకుందామని మాత్రం లోపలికి వెళ్లేముందు అనుకున్నాం.

ముందు అతను నడిపాడు. నడపడంలో నాకంటే చెయ్యి తిరిగినవాడు. పైకి లేవడం, మలుపులు, అన్నీ నున్నగా సాగాయి. మా వెనక పరీక్షాధికారి చప్పుడు లేకుండా కూర్చున్నాడు. తిరిగి దిగేటప్పుడు మబ్బుల్లోంచి రావాలి, కేవలం మీటర్ల సూదులను చూస్తూ. అక్కడ విమానం ఉండాల్సిన దానికంటే కొంచెం ఎత్తులో ఉండిపోయింది. అతను ముక్కు కిందికి నొక్కాడు. వేగం పెరిగింది.

"స్పీడ్" అన్నాను.

"చూశాను" అన్నాడు. వేగం తగ్గలేదు.

మళ్లీ అన్నాను. ఈసారి జవాబు లేదు. అతని కళ్లు ఒకే సూదికి అతుక్కుపోయాయి. నేల దగ్గరపడుతున్నది. నేను ఇంకో మాట అంటే అతని పరీక్ష పాడవుతుందేమోనన్న ఆలోచన వచ్చింది. పక్కవాణ్ని కిందికి లాగుతున్నానని వెనకాయన అనుకుంటాడేమోనని కూడా అనిపించింది. ఆ రెండు ఆలోచనలు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. కానీ విమానం వాటి కోసం ఆగలేదు.

"గో అరౌండ్" అన్నాను. దిగొద్దు, మళ్లీ పైకి వెళ్దామని.

అతను ఉలిక్కిపడ్డాడు. వెంటనే లివర్లు ముందుకు తోశాడు. ఆ తర్వాత చేయాల్సినవన్నీ వరుసగా అడిగాడు, నేను ఒక్కొక్కటే చేస్తూ పైకి చెప్పాను. రెండోసారి చక్కగా దించాడు.

నా వంతు వచ్చినప్పుడు ఆ బరువైన విమానం మాట ఆలస్యంగా వినడం నన్ను తికమక పెట్టింది. ఒక మలుపులో ఎత్తు జారింది. "ఆల్టిట్యూడ్" అన్నాడు అతను. "సరిచేస్తున్నాను" అన్నాను. అతని గొంతులో ఏ తేడా లేదు. రన్‌వే మధ్య గీతకు కాస్త ఎడమగా, గట్టిగా దిగాను.

బయటి వరండాలో అతను నీళ్లు తాగి, కాసేపు సీసా మూత తిప్పుతూ నిలబడ్డాడు.

"నువ్వు ఆ మాట అనకపోతే అలాగే దించేసేవాణ్ని" అన్నాడు. "అప్పుడు కోపమొచ్చింది."

"రావచ్చు" అన్నాను.

"మొదటిసారి స్పీడ్ అన్నది విన్నాను. రెండోసారి అన్నావని తర్వాత అధికారి చెబితే తెలిసింది. నిజంగా వినబడలేదు."

అబద్ధం కాదని అతని ముఖమే చెబుతున్నది. ఇంతలో అతన్ని ఇంటర్వ్యూకు పిలిచారు.

నా ఇంటర్వ్యూలో ముగ్గురున్నారు. ఇంజిన్ గురించి, వాతావరణం గురించి అడిగారు. ఒకదానికి తెలియదని చెప్పాను. చివర్లో వాళ్లలో ఒకావిడ, తానూ పైలటేనట, తన ముందున్న కాగితం వైపు చూసి అడిగింది. "మీ జత పరీక్ష మీ మాట వల్ల పోతుందేమోనని అనిపించలేదా?"

"అనిపించింది. అందుకే క్షణం ఆగాను. నిజం విమానంలో అలా ఆగకూడదు" అన్నాను.

ఆమె తలూపి, ఇక వెళ్లవచ్చంది.

కొన్ని వారాలకు జవాబు వచ్చింది. బాపు అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటున్నాడు.

"బాపూ, తీసుకున్నరు."

"ఎవల్ని?"

"నన్నే."

ఆయన రెండో బూటు విప్పకుండా అలాగే కూర్చున్నాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి నా తల పట్టుకుని ముద్దు పెట్టింది, వదిన చేతులు తుడుచుకుంటూ నవ్వింది. కాసేపటికి బాపు, "నువ్వు చెప్పిన ఆ పొడుగు పిలగాన్ని తీసుకున్నరా?" అని అడిగాడు. నాకు తెలియదు. ఫోన్ నంబర్లు తీసుకోవడం ఇద్దరం మరిచిపోయాం.

శిక్షణలో చేరిన మొదటి ఉదయం అతను క్లాసులో వెనక వరుసలో కనిపించాడు. చెయ్యెత్తి పలకరించాడు. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసినప్పుడు బాపుకు ముందుగా ఆ సంగతే చెప్పాను.

"మంచిగైంది" అన్నాడు. ఆ తర్వాత, "ఆడ అన్నం పెడుతున్నరా, రొట్టెలేనా?" అని అడిగాడు.

రెండూ పెడుతున్నారని చెప్పాను.