మిద్దె మీద ఆరని చుక్క

మా భవనం మూడో అంతస్తులో ఉండే ఓబులేసు గుడిలో నవగ్రహాల చుట్టూ తిరిగే తీరు చూసి, ఆయనకేదో గట్టి మొక్కు ఉందనుకున్నాను. కాసేపు వెలుపలి వరుసలో నడిచేవాడు. ఉన్నట్టుండి లోపలికి జరిగి మంటపాన్ని ఒరుసుకుంటూ నడిచేవాడు. ఒకరోజు ఓబులేసు నా వెనక నుంచి అలాగే లోపలికి తప్పుకుని, ఏమీ తొందరపడకుండానే నా ముందుకొచ్చి తేలాడు.

“ఏం నాయనా, స్వామి ఎదుట పందేలా?” అన్నాను.

ఆయన సిగ్గుపడ్డాడు. “లేదక్కా. పైన ఉపగ్రహాలు గూడా ఇట్లేనంట. ముందర పోయేదాన్ని అందుకోవల్లంటే వేగం పెంచగూడదు, తగ్గించల్ల. తగ్గిస్తే కిందికి దిగుతుంది. కింద చుట్టు చిన్నది, తొందరగా తిరిగొస్తుంది. పుస్తకంలో చదివితే తలకెక్కలా. ఇక్కడ నడిస్తే ఎక్కింది.”

నేను మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదువుకున్నదాన్ని. అయినా ఆ ముక్క నాకూ ఎక్కింది. ఆ రోజు నుంచి ప్రదక్షిణం చేస్తుంటే పైన తిరిగే వాటిని కూడా తలుచుకుంటున్నాను. స్వామి ఏమీ అనుకోడనే నా నమ్మకం.

ఓబులేసుది కదిరి వైపు. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏళ్ళ తరబడి టెస్టింగ్ పని చేశాడు. అంటే ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతికే పని. కిందటేడు ఆ కంపెనీ చాలామందిని తీసేసింది. అందులో ఈయనా ఉన్నాడు. నలభై ఆరేళ్ళ వయసులో మళ్ళీ ఎవరు పిలుస్తారు? దేవుడి దయ వల్ల ఇక్కడే, హైదరాబాదు రాయదుర్గంలో చిన్న ఉపగ్రహాలు తయారు చేసే ఒక కొత్త కంపెనీ పిలిచింది. కాకపోతే ఒక షరతు పెట్టింది. ఆరు నెలల్లో కక్ష్యల లెక్కలు నేర్చుకుని, వాళ్ళు ఎగరేయబోయే ఉపగ్రహానికి పనికొచ్చే లెక్క ఒకటి సొంతంగా కట్టి చూపాలి. చూపితే ఉద్యోగం, లేకపోతే లేదు.

అప్పటి నుంచి ఆయన చదువు షేర్ ఆటోలో, లిఫ్టు ముందు, పాల ప్యాకెట్ల వరుసలో సాగింది. రోజూ ఎక్కే ఆటో డ్రైవరు ఈయన పుస్తకం తీయగానే పాటల మోత తగ్గించేవాడట. ఎవరూ చెప్పకుండానే. మా వాచ్‌మన్ భార్య కొమురమ్మ మెట్లు కడిగేటప్పుడు, మెట్ల మీద కూర్చుని చదువుకునే ఈయన్ని లేపకుండా చుట్టూ కడిగి వెళ్ళేది. ఆ ఒక్క మెట్టు మధ్యాహ్నానికి గానీ కడిగేది కాదు.

ఆయన ఎంచుకున్న లెక్క ఇది. భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహం ఒక్కో చుట్టులో కొంతసేపు భూమి నీడలోకి పోతుంది. ఎండ ఉన్నప్పుడు బ్యాటరీ నింపుకోవాలి, నీడలో వాడుకోవాలి. ఎప్పుడు నీడలోకి పోతుందో, ఎప్పుడు బయటికొస్తుందో ముందే చెప్పాలి. అందుకు ఉపగ్రహం ఎక్కడుందో తెలిస్తే చాలదు, ఆ వేళకు సూర్యుడు ఎక్కడున్నాడో కూడా తెలియాలి.

టెస్టింగ్ చేసినవాడికి ఒక అలవాటు ఉంటుందట. తన ప్రోగ్రాము ఇచ్చిన జవాబును తాను నమ్మడు, దానితో సంబంధం లేని ఇంకో చోట సరిచూసుకుంటాడు. ఫిబ్రవరిలో ఒకనాడు ఓబులేసు సూర్యుడి లెక్కను అలా సరిచూడబోయాడు. ఎదురుగా దేవుడి గూట్లో భార్య లక్ష్మీదేవి చూసుకునే పంచాంగం ఉంది. దాని ప్రకారం సూర్యుడు అప్పుడే కుంభరాశిలో అడుగు పెట్టాడు. ఈయన ప్రోగ్రాము ప్రకారమైతే కుంభం దాటిపోవడానికి సిద్ధంగా ఉన్నాడు. ఇరవై నాలుగు డిగ్రీల తేడా వచ్చింది. తరతరాలుగా గ్రహణాలు చెబుతూ వచ్చిన పంచాంగం తప్పెలా అవుతుంది? తప్పు తనదే అనుకున్నాడు. ఆ ఇరవై నాలుగూ తీసేసి ప్రోగ్రామును సరిచేశాడు. ఆ తర్వాత ఏ రోజు సరిచూసినా పంచాంగంతో చక్కగా కలిసింది. కలిసిన సంతోషంతో ఆ నీడ వేళల్ని కంపెనీలో బ్యాటరీల పని చూసే ఉదయ్ భాస్కర్‌కు పంపేశాడు.

సోమవారం కంపెనీవాళ్ళ ముందు లెక్క చూపాలి. ఆదివారం సాయంత్రం మా అందరినీ మిద్దె మీదికి పిలిచాడు.

“అంతరిక్ష కేంద్రం మన నెత్తిన పోతాంది, రండి. మనుషులుండే ఉపగ్రహం అది. ఎండ తగిలి మెరుస్తుంది, కంటికే కనపడుతుంది. నా లెక్క ప్రకారం ఆ మూల నుంచి వస్తుంది, నీళ్ళ ట్యాంకు దగ్గరికి రాకముందే భూమి నీడలో పడి ఆరిపోతుంది. సరిగ్గా చూడండి.”

పొద్దు గుంకి కాసేపైంది. తెల్లాపూర్ వైపు టవర్ల వెనక ఎరుపు ఇంకా పూర్తిగా పోలేదు. కొమురమ్మ కొంగు నడుముకు దోపుకుని గోడ పట్టుకుని నిలబడింది. ఆయన చెప్పిన మూల నుంచే, చెప్పిన వేళకే, మిణుకు లేని చుక్క ఒకటి తేలుతూ వచ్చింది. పిల్లలు కేకలు పెట్టారు. నేను చేతులు జోడించాను.

చుక్క ట్యాంకు దగ్గరికొచ్చింది. ట్యాంకు దాటింది. నడినెత్తిన వెండి రవ్వలా వెలుగుతూ, అవతలి వైపు కిందికి దిగే దాకా పోయింది.

“ఆరిపోతదంటివి గద సారూ! గిట్ల ధగధగ మెరుస్తనే ఉన్నది. మస్తుంది!” అని కొమురమ్మ చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు. ఒక్క ఓబులేసు కొట్టలేదు. ఆయన ట్యాంకు వంకే చూస్తున్నాడు.

తెల్లారి గుడి నుంచి పులిహోర ప్రసాదం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కాఫీ గ్లాసు మీద మీగడ కట్టి ఉంది. ఆయన పక్కన కుర్చీలో పంచాంగం, ఒళ్ళో ల్యాప్‌టాప్.

“దారి సరిపోయిందక్కా, వేళ సరిపోయింది. సూర్యుడొక్కడే సరిపోలా. నా లెక్కలో ఆయన ఉండాల్సిన చోటు కన్నా కిందికి కుంగిపోయినాడు. అందుకే నీడ ముందే పడింది. పంచాంగంతో కలిసింది, ఆకాశంతో కలవలా. ఎట్ల?”

లక్ష్మీదేవి బాల్కనీలో తులసి కుండను పిట్టగోడ వైపుకు జరుపుతోంది. “నువ్వు కాఫీ తాగు ముందు. సూర్యుడు యాడికీ పోడు. నాకు చూడు, ఈ ఎండ వెంట కుండను జరిపేదే పని.”

“ఎప్పుడూ ఆడనే కదా ఉండేది?”

“ఇంట్లో ఉండేవాడివే అడగాల్సిన మాట! ధనుర్మాసంలో ఎండ గోడదాకా లోపలికొచ్చేది, కుండ ఆడుండె. సంక్రాంతి ఇంకా రాకముందే ఎండ వెనక్కి పోవడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి బయటికి జరుపుతానే ఉండా.”

ఓబులేసు గ్లాసు అందుకోబోయి ఆగిపోయాడు. “సంక్రాంతికి ముందేనా? మకరంలోకి పోయినాక కదా సూర్యుడు మళ్ళుకోవాల్సింది?”

“ఏమో అయ్యా. ఎండ నన్నడిగి మళ్ళుతుందా?”

ఆయన అలాగే కూర్చుని వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత నాకు విడమరిచి చెప్పాడు. ఎండ మళ్ళిన నాటికీ సంక్రాంతికీ ఎడం ఇరవై నాలుగు రోజులు, సూర్యుడు నడిచేది రోజుకు దాదాపు ఒక డిగ్రీ. పంచాంగం సూర్యుణ్ణి నక్షత్రాల నుంచి కొలుస్తుంది. ఈయన ప్రోగ్రాము మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే నాటి సూర్యుడి చోటు నుంచి కొలుస్తుంది. ఒకప్పుడు ఆ రెండు మొదళ్ళూ ఒకటే. భూమి ఇరుసు బొంగరంలా నెమ్మదిగా ఊగుతూ తిరగడం వల్ల వందల ఏళ్ళలో ఇరవై నాలుగు డిగ్రీలు ఎడమయ్యాయి. పంచాంగమూ నిజమే, ప్రోగ్రామూ నిజమే. ఒకదాని కొలతను ఇంకొకదాని మీద రుద్దడమే తప్పు. నాకు మనసు కుదుటపడింది. పంచాంగం మీద మాట పడుతుందేమోనని అంతసేపూ లోపల బెంగగానే ఉంది మరి.

ప్రోగ్రామును దిద్దడం ఒక్క వరుస తీసేసే పని. దిద్దేసి ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ తప్పు వేళలు అప్పటికే ఉదయ్ భాస్కర్ చేతిలో ఉన్నాయి. వాటి ప్రకారం బ్యాటరీ నడిపితే, పైన ఆ చిన్న పెట్టె చీకట్లో ఎండ కోసం ఎదురుచూస్తుంది. ఓబులేసు నా ముందే ఫోన్ తీశాడు. వాళ్ళ టీమ్ పెద్ద సంయుక్త, కాకినాడ అమ్మాయి, ఈయన కన్నా చాలా చిన్నది.

“మేడమ్, నేను పంపిన నీడ వేళలు తప్పు. ఎవరూ వాడద్దని చెప్పండి. తప్పు నాదే.”

“ఓబులేసు గారూ, ముందు మీరు ఊపిరి తీసుకోండి. టిఫిన్ చేశారా? చేసి రండి, మాట్లాడదాం,” అని వినిపించింది. ఆ పిల్లను కన్న తల్లికి నా నమస్కారం.

తక్కింది ఆయన సాయంత్రం ఇంటికొచ్చాక, వాళ్ళింట్లోనే మా ఇద్దరికీ చెప్పాడు. అందరి ముందూ పంచాంగం కథ మొత్తం విప్పాడట. ఉదయ్ భాస్కర్ పకపకా నవ్వి, “ఏవండీ, మా ఉపగ్రహానికి ముహూర్తం కూడా మీరే పెట్టేశారా? రాహుకాలం చూశారా లేదా?” అన్నాడట. నవ్వుతూనే తన బ్యాటరీ పట్టికలన్నీ పక్కన పెట్టి, కొత్త వేళలతో ఈయన పక్కన కూర్చుని మొదటి నుంచి కట్టాడట.

సంయుక్త మాత్రం నవ్వలేదట. “ఎలా దొరికిందండీ?” అని అడిగింది.

“మిద్దె మీద, మేడమ్. ఆరిపోవాల్సింది ఆరిపోలా.”

“మాలో ఎవరం పైకి తలెత్తి చూడలేదండీ. స్క్రీన్లే చూశాం.” ఆ అమ్మాయి తన ల్యాప్‌టాప్ మూసేసిందట. “తప్పులు అందరం చేస్తాం. మీరు వెతికి మరీ చెప్పారు. ఇకనుంచి ఇక్కడ ఏ లెక్క బయటికి వెళ్ళాలన్నా ముందు మీరు సరిచూడాలి, మీ మిద్దె దాటి వెళ్ళాలి. మీరు ఉండిపోండి సార్.”

ఆ మాటను ఓబులేసు రెండుసార్లు చెప్పాడు. లక్ష్మీదేవి దేవుడి గూట్లో దీపం ఒత్తి సరిచేస్తూ వెనక్కి తిరగలేదు. భుజాలు మాత్రం కదిలాయి.

కొన్నాళ్ళకు అంతరిక్ష కేంద్రం మళ్ళీ మా నెత్తి మీదుగా వచ్చింది. ఈసారి ఓబులేసు ఎదుటి భవనం మీది సెల్ టవర్ను చూపించాడు. “దాని పక్కనే ఆరుతుంది,” అన్నాడు, కొంచెం మెల్లగా. చుక్క వచ్చింది, ట్యాంకు దాటింది, టవర్ దగ్గరికి పోయింది. ఎర్రబారింది. ఎవరో ఒత్తి తగ్గించినట్టు మసకబారి, లేకుండా పోయింది.

“అయ్యో, ఆరిపాయె!” అంది కొమురమ్మ. పిల్లలు ఉసూరుమన్నారు.

చీకట్లో ఒక్కడి చప్పట్లు వినిపించాయి.